ఆసామి చేతికి నేనిచ్చిన తీగ

కాలిన గేరు ఆయిలు వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఆ పూట అన్నం సయించదు. ముప్పై ఏళ్ళకు పైగా రెంచీలు పట్టి బతికినవాణ్ణి. డీజిలు, గ్రీజు, బస్సుల కింద ఎండిపోయిన పేడ, వీటిలో ఏ కంపూ నన్నేమీ చెయ్యలేదు. ఆ ఒక్క వాసన మాత్రం పడదు. వాసనతోబాటు ఒక మనిషి చెయ్యి కూడా గుర్తొస్తుంది. మూడు ఉంగరాల చెయ్యి. తమలపాకుల సున్నం ఎప్పుడూ అంటుకునే ఉండే బొటనవేలు.

అరవయ్యో దశకం మొదట్లో మాట. నెల్లూరు ట్రంకురోడ్డు పక్కన రేకుల షెడ్డులో నాకు చిన్న రిపేరు షాపు ఉండేది. మిషన్ బడిలో చదువుకున్నాను కాబట్టి ఇంగ్లీషు పుస్తకం కూడబలుక్కుని చదవగలను. మద్రాసులో నాలుగేళ్ళు పని నేర్చుకుని వచ్చాను. లారీలు, బస్సులు నా దగ్గరికి వచ్చేవి. కార్లు అరుదు.

అప్పుడు వచ్చింది ఆ అమెరికా కారు. మీగడ రంగు, ముందు సీటులోనే ముగ్గురు కూర్చోవచ్చు. మద్రాసులో ఎవరో తెల్లదొర తన దేశానికి పోతూ అమ్మేస్తే మా ఆసామి కొన్నాడు. ఆసామికి గూడూరు పక్కన అభ్రకం గనులు, బుచ్చిరెడ్డిపాలెం దగ్గర మాగాణి, నెల్లూరులో మేడ. జిల్లాలో ఎవరి దగ్గరా లేని కారు తన దగ్గర ఉండాలనేది ఆయన కోరిక. ఆ కారుకు క్లచ్చి పెడలు లేదు. గేర్లు దానంతటదే మార్చుకుంటుంది. ఎడమకాలికి పని లేని కారని దాన్ని చూడడానికి జనం వచ్చేవాళ్ళు.

కారు నా షెడ్డుకు వచ్చిన రోజు ఆసామి తెల్లచొక్కా మీద వక్కాకు ఉమ్మి ధారలు కట్టి ఉంది. ఆయన ఎక్కడికి పోయినా ఇత్తడి ఉమ్మితొట్టి వెంట ఉండేది. కారు పోతూ పోతూ ఉన్నట్టుండి ఎగిరెగిరి పడిందట. ఒళ్ళో ఉన్న తొట్టి ఆయన మీదనే ఒలికింది. ఆ చొక్కాతోనే నా ముందు నిలబడి, "ఏందిరా మేస్త్రీ, లక్షాధికారి కారు ఇట్నేనా ఎగిరేది?" అన్నాడు. నేను నేలచూపులు చూశాను. భయంతో కాదు, ఆ ధారలు చూడలేక.

కారులో ఏం జరుగుతోందో చెప్పాలి. మామూలు బండిలో ఇంజినుకూ చక్రాలకూ మధ్య క్లచ్చి ఉంటుంది. ఈ కారులో దాని బదులు గుమ్మడికాయంత ఇనుప డొల్ల. దాని నిండా నూనె. లోపల ఎదురెదురుగా రెండు రెక్కల చక్రాలు. ఇంజిను ఒకదాన్ని తిప్పితే అది నూనెను విసురుతుంది, ఆ విసురుకు రెండోది తిరుగుతుంది. మెల్లిగా పోయేటప్పుడు, ఇసుకలో, ఎత్తులో ఇది చాలా సుఖం. కానీ నూనె కదా, కొంత జారుతుంది, కొంత బలం వృథా. అందుకని కారు వేగం అందుకున్నాక లోపల ఉన్న ఒక చిన్న క్లచ్చి ఆ రెండు చక్రాలనూ కలిపి బిగించేస్తుంది. దాన్నే లాకు అనేవాళ్ళం. ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదలాలో ఒక వాల్వు తేలుస్తుంది. ఈ కారులో ఆ వాల్వుకు మతి పోయింది. ఇరవై అయిదు, ముప్పై మైళ్ళ వేగం దగ్గర పడుతుంది, వదులుతుంది, మళ్ళీ పడుతుంది. పట్టినప్పుడల్లా కారు గొర్రెపొట్టేలులా కుమ్ముతుంది.

ఆ వాల్వు మద్రాసులో దొరకలేదు. కారుతో వచ్చిన పుస్తకం పది రోజులు చదివాను. చివరికి ఒక పాత లారీ చోకు తీగ తెచ్చి, దాని ఒక కొన వాల్వుకు తగిలించి, రెండో కొన డ్రైవరు చేతికి అందేటట్టు డాష్‌బోర్డు కింద పెట్టాను. నల్ల బొత్తం లాగితే లాకు పడుతుంది, నెడితే వదులుతుంది. తీగ తెగినా ఊడినా వాల్వు లాకు వదిలిన స్థితికే పోయేట్టు ఒక స్ప్రింగు కూడా పెట్టాను. ఎవరూ నేర్పని పని. చేసినప్పుడు నాకు చాలా గర్వంగా ఉండింది.

డ్రైవరు నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. యుద్ధంలో బర్మా వైపు లారీలు నడిపి వచ్చినవాడు. నేనాయన్ను అన్నా అనేవాణ్ణి. ఒక్కసారే చెప్పాను. "ముప్పై దాటినాక లాగు అన్నా. ఇరవైకి దిగేలోపల వదిలెయ్. ఇసకలో అసలు ముట్టొద్దు."

"ఇంజిను చెప్తాదిలే అబ్బయ్యా," అన్నాడాయన. చెవితోనే నడిపేవాడు. ఇంజిను గొంతు మారగానే ఆయన చెయ్యి బొత్తం మీదకు పోయేది. వెనక కూర్చున్నవాడికి లాకు పడిందో వదిలిందో తెలిసేది కాదు. రెండు నెలలు కారు అట్లా నడిచింది.

రెండు నెలల తర్వాత ఆసామి స్వయంగా షెడ్డుకు వచ్చాడు.

"మేస్త్రీ, ఆ బొత్తం నా పక్కకు మార్చు."

"అయ్యా, అది నడిపేవాళ్ళ చేతికాడ ఉంటేనే..."

"కారు ఎవురిది?"

"తమదే."

"మరి దాని కీలు పనోడి చేతిలో ఉండేదేంది? వాడు చెప్పినట్టు నా కారు పోవాల్నా? ఎప్పుడు బిగించేది, ఎప్పుడు వదిలేది నేను చూసుకుంటా."

డ్రైవరు పక్కనే నిలబడి ఉన్నాడు. నా వైపు చూశాడు. కాదని చెప్పడానికి నాకొక్కడికే అక్కడ నోరుంది. ఆ బొత్తం ఎందుకు మార్చకూడదో ఆ జిల్లాలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. నేను "చిత్తం" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత నున్నగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఏవగింపు. ఆ సాయంత్రానికల్లా తీగ ఎడమవైపుకు తిప్పి ఆసామి మోకాలి దగ్గర బొత్తం బిగించాను.

అప్పటినుంచి అది ఆయనకు ఆటవస్తువు. ఎవరు కారెక్కినా బొత్తం లాగి చూపించేవాడు. ఆగేముందు వదలడం మరిచిపోయేవాడు. లాకు పడి ఉండగా కారు ఆగితే ఇంజిను గుక్కపట్టి చచ్చిపోతుంది. రైల్వేగేటు దగ్గర, బజారు నడుమ, కలెక్టరాఫీసు ముందర కారు అట్లా ఆగిపోయేది. ఆగినప్పుడల్లా ఆసామి డ్రైవరును, "ఎద్దులు తోలేదానికి పోరా" అని అందరూ వినేట్టు తిట్టేవాడు. తిడుతున్నప్పుడు వక్కాకు తుంపరలు డ్రైవరు చెంప మీద పడేవి. ఆయన తుడుచుకునేవాడు కాదు. తుడుచుకుంటే అది కూడా తప్పే.

ఆ వేసవిలో మద్రాసు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. గనుల విషయంలో ఆయనతో ఆసామికి ఏదో పని. ఆయన్ను సముద్రం చూపించడానికి తీసుకుపోతూ, దోవలో ఏమన్నా అయితే చూసేదానికని నన్ను కూడా ఎక్కించుకున్నారు. ముందు డ్రైవరు, ఆసామి. వెనక ఆఫీసరు. ఆయన పక్కన అన్నం కారియర్ల మధ్య ఒదిగి నేను. తోటపల్లి గూడూరు దాటి, కోడూరు అవతల చేపలు పట్టే పట్టపోళ్ళ పాళెం దగ్గర, చివరి మైలు ఇసుకలో ప్రయాణం చేసి ఒడ్డుకు చేరాం.

పాళెం జనం ఆసామిని ఎరుగుదురు. ఆయన అడక్కముందే బుట్టెడు చేపలు తెచ్చారు. అప్పుడే పడిన వంజరం, అరచేయంత రొయ్యలు. "ఆఫీసరుగారి బంగళాకు," అని చెప్పి ఆసామి ఆ బుట్టను కారు లోపల, వెనకసీటు ముందు నా కాళ్ళ దగ్గర పెట్టించాడు. డిక్కీలో వేడికి చెడిపోతాయట. బుట్ట కింద తాటాకులు పరిచారు. అయినా నీచునీళ్ళు కారి కార్పెట్టు తడిసింది. ఆసామి చూసి, "కడిగితే పోతాదిలే," అన్నాడు.

మేం బయల్దేరబోతుండగా ఒడ్డున కేకలు వినిపించాయి. తిరిగి వస్తున్న తెప్పను అల ఎత్తి కొట్టింది. దిగి లాగుతున్న మనిషి కాలి మీద, మోకాలికి కిందుగా, తెప్ప దుంగ పడింది. నలుగురు వలలో పడుకోబెట్టి మోసుకొచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయి. ఎముక చర్మం చీల్చుకుని తెల్లగా బయటికి కనిపిస్తోంది. ఇసుక అంటుకుని ఉంది. అతను అరవడం లేదు. పళ్ళు బిగబట్టి ఆకాశంకేసి చూస్తున్నాడు. అతని భార్య ఆసామి కాళ్ళ దగ్గర కూలబడింది.

"సామీ, మీ కారులో రొంత పెద్దాసుపత్రి దాకా ఏసకపోండి సామీ. బండి కట్టుకొని పోతే పొద్దుగూకుతాది. మడిసి దక్కడు."

ఆసామి ముక్కుకు పైపంచె అడ్డం పెట్టుకున్నాడు. "కారంతా కంపు కొట్టదా మే? పెద్దమనుషులు కూర్చునే కారు ఇది."

నా కాళ్ళ దగ్గర బుట్టలో ఒక వంజరం తోక ఇంకా కొట్టుకుంటోంది.

ఆఫీసరు రక్తం చూడలేక ముఖం తిప్పుకుని, "ఏదో ఒకటి చేయండి, నాకు తల తిరుగుతోంది," అన్నాడు.  ఆసామి ఆఫీసరు మాట కాదనలేడు.

"సరే. డిక్కీలో పండబెట్టండి."

ఎవరూ కదల్లేదు. మొదట కదిలింది డ్రైవరు. డిక్కీ తెరిచి, స్టెప్నీ తీసి పక్కన పారేసి, రెండు గోతాలూ తన భుజం మీది తువ్వాలూ పరిచాడు. నేనూ ఒక చెయ్యి వేశాను. మనిషిని ముడుచుకుని పడుకోబెట్టాం. భార్య తనూ ఎక్కి, విరిగిన కాలు తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మూత పడకుండా వలతాడుతో కట్టాం. నేను వెళ్ళి మళ్ళీ నా మెత్తటి సీటులో, చేపల పక్కన కూర్చున్నాను. "నేను కూడా డిక్కీలోనే ఉంటాను" అనలేదు.

డ్రైవరు గుడ్ల మీద నడుస్తున్నట్టు కదిలించాడు కారును. నూనె మీద అది మెత్తగా ఇసుకలో పాకింది. వందగజాలు పోయామో లేదో ఆసామి వెనక్కు తిరిగి ఆఫీసరుతో, "ఇప్పుడు చూడండి తమాషా. ఈ కారును నేనెట్లా అదుపులో పెట్టుకొనుండానో," అని మూడు ఉంగరాల చేత్తో బొత్తం లాగాడు.

పది మైళ్ళ వేగం కూడా లేదు. లాకు పడింది. ఇంజిను మూలిగింది. కారు ముందుకు ఒక కుమ్ము కుమ్మి, వెనక్కు లాగి, గడగడ వణికింది. వెనక డిక్కీలోంచి ఒక అరుపు. అంతసేపూ పళ్ళు బిగబట్టిన మనిషి అరిచిన అరుపు.

"అయ్యా, ఇసకలో వద్దయ్యా. ఎనక మడిసి ఉండాడు," అన్నాడు డ్రైవరు.

"నాకు చెప్పేవాడివయినావా? నువ్వు తోలు."

ఇంజిను ఆగిపోయింది. ఆసామి బొత్తం నెట్టాడు, డ్రైవరు మళ్ళీ స్టార్టు చేశాడు. కారు కదిలింది. ఆసామి మళ్ళీ లాగాడు. మళ్ళీ కుమ్ము, మళ్ళీ అరుపు. ఆఫీసరు కళ్ళు మూసుకుని రుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు. ఆపమని ఆయనా అనలేదు. ఆసామి నవ్వుతూ, "రొంత మొరాయిస్తా ఉండాది, దారికొస్తాది," అన్నాడు. మూడోసారి ఇంజిను ఆగేసరికి కారు కిందినుంచి సన్నగా పొగ, ఆ కాలిన నూనె కంపు. లోపలి క్లచ్చి మాడుతోంది. చేపల నీచు, వక్కాకు పుక్కిలి, రక్తం, కాలిన నూనె, అన్నీ కలిసి ఆ కారులో ఊపిరి ఆడలేదు. 

"అయ్యా, కింద ఒకసారి చూస్తాను," అని దిగాను.

వెనకనుంచి చుట్టి వెళ్ళాను. డిక్కీలో ఆమె రెండు అరచేతులూ అతని కాలి కింద పళ్ళెంలా పెట్టి ఉంది.  అతనికి స్పృహ తప్పింది.

"ఎందుకన్నా కారు అట్టా ఎగురుతా ఉండాది?" అని అడిగింది. నేను కారు కిందకు దూరాను.

ఇసుక కాలుతోంది. పొగగొట్టం ముంజేతికి తగిలి చర్మం ఊడింది. వాల్వు దగ్గర తీగను పట్టి ఉంచిన పిన్ను పక్కారుతో పట్టి లాగేశాను. తీగ కొన జారి వేలాడింది. స్ప్రింగు వాల్వును వదిలిన వైపుకు లాగేసింది. ఇక ఆ బొత్తానికీ లాకుకూ ఏ సంబంధమూ లేదు. తీగను ఒక కమ్మీకి చుట్టి బయటికి వచ్చాను.

"సర్దినానయ్యా. ఇప్పుడు మీరు మెల్లిగా లాగండి," అన్నాను.

ఆసామి లాగాడు. కారు కుదుపు లేకుండా పోయింది. నెట్టాడు. అట్లాగే పోయింది. "చూస్తిరా!" అన్నాడు ఆఫీసరుతో. కోడూరు నుంచి నెల్లూరు దాకా ఆ దారంతా ఆయన ఆ చచ్చిన బొత్తాన్ని లాగుతూ, నెడుతూ, ఎక్కడ లాగాలో ఎక్కడ నెట్టాలో ఆఫీసరుకు పాఠం చెబుతూనే ఉన్నాడు. ఇంజిను గొంతు మారకపోవడం డ్రైవరుకు మొదటి ఫర్లాంగులోనే తెలిసిపోయింది. అద్దంలో నాకేసి ఒక్కసారి చూశాడు. నవ్వలేదు.

ఆసుపత్రి గేటు లోపలికి కారు పోవడానికి ఆసామి ఒప్పుకోలేదు. "ఈడనే దించండి." డ్రైవరు, నేను అతన్ని తువ్వాలు మీద మోసుకుపోయాం. తిరిగి వచ్చేసరికి ఆసామి గడియారం చూసుకుంటున్నాడు. చేపలు మెత్తబడతాయని తొందర. మర్నాడు డిక్కీని ఫినాయిలుతో మూడుసార్లు కడిగించాడని డ్రైవరు చెప్పాడు. కార్పెట్టు మీది నీచు మాత్రం వారం దాకా పోలేదట.

తీగను నేను మళ్ళీ తగిలించలేదు. ఆసామి అడగలేదు, ఆయనకు తెలిస్తే కదా. లాకు లేకుండానే ఆ కారు ఆయన దగ్గర ఇంకో రెండేళ్ళు నడిచింది. పెట్రోలు కాస్త ఎక్కువ తాగేది, అంతే. ఆయన బొత్తం లాగుతూనే ఉండేవాడు. నా షెడ్డుకు ఎవరినన్నా వెంటబెట్టుకుని వచ్చి, "నా చెయ్యి పడినాకనే ఈ కారు దారికొచ్చింది. ఏం మేస్త్రీ?" అనేవాడు. నేను "అవునయ్యా" అనేవాణ్ణి. నవ్వుకోవచ్చు కదా అనిపిస్తుంది వినేవాళ్ళకు. నాకెప్పుడూ నవ్వు రాలేదు. ఆయన అబద్ధం తెలియక ఆడుతున్నాడు, నేను తెలిసి ఆడుతున్నాను. తర్వాత ఆ కారును నాయుడుపేట వ్యాపారి ఎవరో కొన్నాడు. డ్రైవరు అంతకుముందే మానేసి బస్సు నడపడానికి పోయాడు. పోయే రోజు నా దగ్గర టీ తాగి వెళ్ళాడు.

డిక్కీలో తెచ్చిన ఆ మనిషి కాలు దక్కింది. కానీ వంకరగా అతుక్కుంది. మళ్ళీ తెప్ప ఎక్కలేకపోయాడు, ఒడ్డున వలలు బాగుచేస్తూ కూర్చున్నాడు. ఈ సంగతి నాకు అతని భార్య చెప్పింది. ఆ ఏడాది వానలు తగ్గినాక ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని నెల్లూరులో అమ్మడానికి వచ్చింది. ఎట్లా కనుక్కుందో నా షెడ్డుకు వచ్చింది. గంప దించి, అందులోంచి ఒక పెద్ద పొట్లం తీసి నాకిచ్చింది.

నేను దాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నాను. ఊపిరి బిగబట్టి, చెయ్యి దూరంగా చాపి, పక్కనున్న డ్రమ్ము మీద పెట్టాను. అంతా నాకు తెలియకుండానే జరిగింది. ఆమె చూసింది.

"కంపు కొడతాయిలే అన్నా, ఎండేసినయి గదా," అంది మామూలుగా. "ఇంటికాడ వదినకియ్యి, పులుసు పెడతాది."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఏదో ఒకటి మాట్లాడాలని అతని కాలి గురించి అడిగాను. చెప్పింది. చెప్పి, "ఆ దినం కారు కిందకి దూరి ఏం చేసినావన్నా? ఆ తర్వాత ఎగరనే లేదు," అంది.

డ్రైవరుకు తప్ప ఎవరికీ తెలియని సంగతి ఆమెకు చెప్పాను. డొల్ల, నూనె ఇవేవీ చెప్పలేదు. ఆసామి లాగే తీగను ఊడదీశానని, ఆయనకు ఇప్పటికీ తెలియదని చెప్పాను. కొంచెం గొప్పగానే చెప్పానేమో.

ఆమె శ్రద్ధగా వింది.

"అంత సులువుగా ఊడేదయితే, ముందే తియ్యకపోతివా అన్నా?"

నిష్ఠూరంగా అనలేదు. తెలుసుకుందామని అడిగింది. నేను పక్కారు కోసం వెతుకుతున్నట్టు పెట్టెలో చేతులు పెట్టి కెలికాను. ఆమె నెత్తిన చుట్టకుదురు సర్దుకుని, గంపను తనే మోకాలి మీదకు, అక్కణ్ణుంచి నెత్తి మీదకు ఎత్తుకుంది. ఒక చెయ్యి సాయం పట్టాలని నాకు తోచేలోపల రోడ్డు దాటిపోయింది.